ఎఫ్ టెన్

మంజూరు కీ నొక్కితే పరిశీలన ఉత్తరం వస్తోంది.

దశరథం జుట్టు పీక్కుంటున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన కంప్యూటర్ ఇంజనీరు అతను. మహబూబ్‌నగర్‌లోని ఆ తాగునీటి ఆఫీసుకు కొత్త కంప్యూటర్ పెట్టి, పాతదాంట్లోని మాక్రోలన్నీ కొత్త వెర్షన్‌లోకి మార్చడం అతని పని. మాక్రో అంటే పెద్ద విద్యేం కాదు. అర్జీదారు పేరు కొట్టి ఒక కీ నొక్కితే చాలు, ఉత్తరం మొత్తం దానంతటదే తయారవుతుంది.

ఎఫ్ వన్ నొక్కితే 'మీ అర్జీ పరిశీలనలో ఉన్నది'. ఎఫ్ టూకి 'నిధులు లేవు'. ఎఫ్ త్రీకి 'పై ఆఫీసుకు రాసినాము'. ఎఫ్ ఫోర్‌కి 'మరల అర్జీ పెట్టుకోగలరు'. అన్నీ కొత్తదాంట్లో చకచకా పనిచేస్తున్నాయి. ఒక్క ఎఫ్ టెన్ దగ్గరే తంటా వచ్చింది. 'మీ ఊరికి బోరింగు మంజూరైనది' అని రావలసిన చోట, ఎఫ్ వన్ ఉత్తరమే తన్నుకొస్తోంది.

"పాతది ఆరేళ్లు సేవ చేసిందయ్యా! ఎన్ని వేల ఉత్తరాలిచ్చిందో. ఒక్కనాడు తప్పు ఉత్తరం ఇచ్చిన పాపాన పోలేదు. మీ కొత్త వెర్షన్ వచ్చింది, మా పరువు తీసింది," అన్నాడు ఆఫీసరు.

గోడవారనున్న బల్ల మీద గోపమ్మ కూర్చుని ఉంది. అమ్రాబాద్ అవతలి పల్లె ఆమెది. ఎలక్షన్ల వేడిలో పైనుంచి ఫోన్ వచ్చి, ఆమె ఊరి బోరింగు కాగితం మీద సంతకం కూడా అయిపోయింది. బోరుబండి గేటు బయటే ఉంది. మంజూరు ఉత్తరం డ్రైవరు చేతిలో పెడితే బండి గోపమ్మ ఊరికి వెళ్తుంది. మధ్యాహ్నంలోగా పెట్టకపోతే కొల్లాపూర్ వెళ్లిపోతుంది. అక్కడెవరో కిరాయికి మాట్లాడుకున్నారు.

"జర జల్దీ చెయ్యుండ్రి సారూ! వాగుల తోడిన చెలిమెల నీళ్లు గూడ అడుగంటినయి. గా బండి పొయ్యిందంటే మల్ల దొరుకుతదా?" అంది గోపమ్మ.

"పోనీ, చేత్తో టైపు చేసి ఇచ్చేయండి," అన్నాడు దశరథం.

ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. "చేత్తోనా! ఒక్క ముక్క అటూఇటైతే ఆడిట్‌కి నువ్వు జవాబు చెబుతావా? మాక్రోలోంచి వచ్చిందే ఉత్తరం."

గోపమ్మకు ఏడుపొక్కటే తక్కువ. "పాత మిషినే మంచిగుండె గద సారూ. దాన్నెందుకు తీసేసిండ్రు?"

"విన్నావా? పల్లెటూరి మనిషికి తెలిసింది," అన్నాడు ఆఫీసరు.

దశరథానికి రోషం వచ్చింది. "ఆ పాతదేదో తెప్పించండి. అందులో ఎలా వచ్చేదో నా కళ్లతో చూస్తాను."

స్టోరు గదిలో బ్లీచింగ్ పౌడర్ సంచుల వెనకనుంచి పాత కంప్యూటర్‌ను మోసుకొచ్చారు. దుమ్ము దులిపి, ప్రింటర్ వైరు దానికి తగిలించారు. అది మూలుగుతూ, దగ్గుతూ లేచింది. ఆఫీసరు ముఖంలో పాత చుట్టాన్ని చూసిన సంబరం. బయట బోరుబండి హారన్ కొట్టింది.

"కానీయమ్మా," అన్నాడు ఆఫీసరు.

ఆపరేటర్ జాహేదా ముందుకు వచ్చింది. కంప్యూటర్ వచ్చిన నాటినుంచీ ఆ కుర్చీ ఆమెదే. గోపమ్మ పేరు కొట్టింది. ఎఫ్ టెన్ మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగింది. నొక్కింది.

ప్రింటర్ కిర్రుమంది. దశరథం కాగితం చింపి, పైకి చదివాడు.

'మీ అర్జీ పరిశీలనలో ఉన్నది.'

గేటు బయట బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. "ఆగు బిడ్డా, ఆగు!" అంటూ గోపమ్మ అటు పరుగెత్తింది.

"అంటే నేను మార్చింది సరిగ్గానే మార్చాను!" అన్నాడు దశరథం. అంతలోనే అనుమానమొచ్చి జాహేదా వైపు తిరిగాడు. "మరి ఈ ఆరేళ్లూ మంజూరు ఉత్తరాలు ఎట్లా తీశారమ్మా?"

జాహేదా ఆఫీసరు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మంజూరైంది గీ గోపమ్మదే మొదటిది సార్."