ఒంటిగంటన్నర బస్సు

"సెర్వియాక్ ఊరెళ్లే బస్సు ఒంటిగంటన్నరకేనా అమ్మా?" వీపున సంచితో ఒంటరిగా వచ్చిన అమ్మాయి అడిగింది. "మూడింటికి మా నాన్న గాస్తోం శవపేటిక మూసేస్తారు. ఆఖరిచూపైనా దక్కాలి."

కాఫీకొట్టు ఒడెట్ చేతిలో గుడ్డ ఆగింది. "ఏ గాస్తోం? వడ్రంగా?"

"ఆయనే."

"వచ్చేస్తుంది. ఆ బెంచీ మీద కూర్చో."

వేడి రొట్టె ఇస్తే, వెన్న భలే ఉందని మురిసిపోతూ తింది.

లోపల చెల్లెలు రోజ్ గొంతు తగ్గించింది. "స్కూలు సెలవుల్లో బస్సు తిరగదు కదక్కా. మన కారులో దింపి రానా?"

ఒడెట్ తాళాలు జేబులో వేసుకుంది. "పెళ్లిబట్టల్లో నేనూ ఆ బెంచీ మీదే కూర్చున్నానే, గాస్తోం కోసం. వచ్చేస్తాడనే చెప్పారు అందరూ."

చర్చి గంట మూడు కొట్టాక, ఒడెట్ బయటికెళ్లి ఖాళీ పళ్లెం తీసింది.

"ఇవాళ రాదేమోనమ్మా."