కలలో పెగలని మాట

అత్త గుర్రం దిగింది. తలకు చుట్టిన తెల్లబట్ట సర్దుకుంది. "తే" అంటూ చేతులు చాపింది.

గుల్‌సున్ పిల్లాణ్ణి గుండెకు అదుముకుని తన మణికట్టు వంక చూసుకుంది. నూనె చింది కాలిన మచ్చ అక్కడ లేదు.

మచ్చ లేదంటే ఇది కల.

కల అని తెలిసింది. తెలిసి ఏం లాభం? చేతులు ఆమె మాట వినలేదు. వాటంతటవే ముందుకు సాగి పిల్లాణ్ణి అత్తకు అప్పగించేశాయి. గుర్రం వెనుదిరిగింది. పిల్లాడు గుక్కపట్టాడు. పాలు పొంగి గుల్‌సున్ రొమ్ముల దగ్గర బట్టంతా తడిసిపోయింది.

కళ్లు తెరవగానే బట్ట తడుముకుంది. పొడిగానే ఉంది.

"మళ్లీ ఓడిపోయాను" అంది పైకే.

"పడుకోవే. నీ కలలతో నాకు నిద్ర లేకుండా పోతోంది" అని భర్త తుర్దకున్ అటు తిరిగి పడుకున్నాడు.

ఆ కొండ ఊళ్లో ఎవరినడిగినా ఒకటే మాట. కొడుక్కి పుట్టిన తొలి బిడ్డ నానమ్మది. పాలు మాన్పించి తీసుకుపోయి తనే పెంచుకుంటుంది. ఆ బిడ్డ నానమ్మని అమ్మా అంటాడు, కన్నతల్లిని వదినా అంటాడు. అందరూ అలాగే పెరిగారు, ఎవరైనా చచ్చిపోయారా అంటారు. నిజమే, ఎవరూ చచ్చిపోలేదు. కన్నబిడ్డ నోట వదినా అని మొదటిసారి విన్న తల్లి ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చూడలేదు.

ఆదివారం విందు. గొర్రె పెరట్లో కట్టేసి ఉంది. కారొస్తుంది. నలుగురి ముందూ పిల్లాడు ఈ చేతుల్లోంచి ఆ చేతుల్లోకి మారిపోవాలి.

మారనివ్వకూడదని గుల్‌సున్ పంతం. కానీ పెద్దల ముందు నోరెత్తడం ఆమెకు బొత్తిగా చేతకాదు. మెలకువలోనే కాదు, కలలోనూ చేతకావడం లేదు. ముందు కలలో అనగలిగితే బయట కూడా నోరు లేస్తుందని ఆమె నమ్మకం.

పొరుగింటి కలిచాకు ఆ సంగతంతా తెలుసు. ఇద్దరూ కూర్చుని విందుకు నూనెలో వేయించే పిండి ముక్కలు కోస్తున్నారు.

"కల్లోకి వచ్చేవాళ్లకి వేడి నూనె వాసన చూపించాలే. తృప్తిపడి రావడం మానేస్తారు" అంది కలిచా.

"మానేస్తే ఎలా? రానీ. నాకు ఆవిడతో పనుంది."

"పోనీ వాగు దగ్గరికెళ్లి కల చెప్పేసి రా. నీళ్లు పట్టుకుపోతాయి."

"నీళ్లకెందుకు చెప్పడం? ఆవిడ మొహం మీదే చెబుతా."

కలిచా పకపకా నవ్వింది. "కలలో చెప్పి ఏం చేస్తావే తల్లీ! కలలో నేను మా ఆయన్ని రోజూ ఉతికి ఆరేస్తాను. తెల్లారితే మళ్లీ చాయ్ పోసి ఇస్తున్నానా లేదా?"

"నువ్వు అది కల అని తెలియకుండా ఉతుకుతున్నావు. తెలిసి ఉతుకు, అప్పుడు చూడు."

ఆ రాత్రి మచ్చ లేదని చూసుకోగానే గుల్‌సున్ చేతుల్ని కసిరింది. "కదిలారంటే ఊరుకోను." చేతులు ఆగిపోయాయి. పిల్లాడు గుండె మీదే ఉన్నాడు.

"ఏమే, నా ముందే బిగుసుకుపోతున్నావా?" అంది అత్త.

గుల్‌సున్ నోరు తెరిచింది. నాలుక రాయైపోయింది.

తర్వాతి కలలో ఇంకాస్త తెగించింది. గుర్రాన్ని మేకగా మార్చేసింది. అత్త దాని మీంచి జారి దబ్బున కూలబడింది. గుల్‌సున్‌కి నవ్వాగలేదు. అత్త మాత్రం మట్టి దులుపుకుని లేచి మళ్లీ "తే" అంది.

గుర్రాన్ని మేక చేయవచ్చు. కొండ మీది మంచును పెరుగు చేయవచ్చు. ఇవ్వను అనే ఆ ఒక్క ముక్క మాత్రం గొంతు దాటి రాలేదు.

శనివారం తుర్దకున్ కత్తి నూరుతూ అన్నాడు. "రేపు ఏదో గొడవ చేస్తావని కలిచా అంటోంది. మా అమ్మ నడిపిన పద్ధతిని కాదంటావా?"

"అంటాను."

"ఊరు మొహాన ఉమ్మేస్తుంది."

"తుడుచుకుంటాను."

"పిల్లాడి విషయంలో మన ఇష్టమేముందే? పుట్టకముందే అనుకున్నదేగా!"

"వాణ్ణడిగి అనుకున్నారా?"

తుర్దకున్ కత్తి కింద పడేసి బయటికి పోయాడు.

ఆ రాత్రి అత్త గుర్రం దిగకముందే గుల్‌సున్ ఎదురెళ్లింది.

"ఇవ్వను."

గాలికి కొట్టుకుపోయేంత చిన్న గొంతు. అయినా వచ్చింది. గుర్రం చెవులు రిక్కించింది.

"ఏమన్నావ్?"

"ఇవ్వనన్నాను. వాణ్ణి కన్నది నేను. పో!"

అత్త ఉత్త చేతులతో వెనక్కి తిరిగిపోయింది. ఎంత దూరం పోయినా ఆ చేతులు ఖాళీగానే కనిపించాయి.

"అనేశాను!" అని అరుస్తూ గుల్‌సున్ లేచి కూర్చుంది.

"ఏమనేశావ్?" ఉలిక్కిపడ్డాడు తుర్దకున్.

"మధ్యాహ్నం వింటావులే."

మధ్యాహ్నం కారొచ్చింది. చుట్టాలంతా గోడల వెంబడి కూర్చున్నారు. వేడి మాంసం పళ్లేలు వచ్చాయి. దీవెన పలకడానికి వచ్చిన పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు.

"కానివ్వండమ్మా, మాంసం చల్లారిపోతోంది. ఇచ్చేవాళ్లు ఇవ్వండి, పుచ్చుకునేవాళ్లు పుచ్చుకోండి."

గుల్‌సున్ లేచి నిలబడింది. తుర్దకున్ వద్దన్నట్టు కళ్లతోనే బతిమాలాడు. కలిచా పళ్లెం పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఇది కల కాదు. ఇక్కడ అన్న మాట తెల్లారితే చెరిగిపోదు.

తన ముందు నిలబడి, ఒకప్పుడు తను అత్తకు అందించినట్టే కన్నీళ్లు దిగమింగుకుంటూ పిల్లాణ్ణి అందిస్తున్న కోడలి చేతుల్ని వెనక్కి నెట్టి, "తీసుకోను! నీ బిడ్డని నువ్వే పెంచుకో" అంది గుల్‌సున్.