నా కండ్లు, వాని కారు

కల్లూరులో మా పక్కింటి ఉమామహేశ్వర కొత్త హైబ్రిడ్ కారు తెస్తే, "శానా బాగుండాదప్పా" అన్నా. అదే నా నేరం. వెంటనే కారు ముందర నిమ్మకాయల దండ కట్టినాడు.

మర్నాటి నుంచి కారులోని తెర మీద ఒకటే హెచ్చరిక: ముందు సెన్సార్ పనిచేయడం లేదు. షోరూమోళ్లు సాఫ్ట్‌వేర్ మార్చినా పోలే. అంతా నా దిష్టేనని తేల్చి, చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినోడు నాతో మాటలు మానేసినాడు. నా కండ్లకు అంత పవరుంటే, కరెంటు పోయినప్పుడు మా ఫ్యాను తిప్పుకోనా?

నిన్న మెకానిక్ ఇంటికొచ్చి దండ పీకేసినాడు. హెచ్చరిక మాయమైంది.

"సెన్సార్‌కు ఇదే అడ్డం సార్."

గోడ అవతల నుంచి నవ్వినా.

"నవ్వుతాండావా?" ఉమామహేశ్వర నా మీదికొచ్చినాడు. "నీ కంటికి భయపడే గదప్పా ఆ దండ కట్టింది! ఇప్పుడు చెప్పు, కారు చెడగొట్టింది ఎవురు?"