బాసింగం కింది బొప్పి

బాసింగం నొసటికి తాకగానే నర్మద "అబ్బా!" అని తల వెనక్కి లాక్కుంది.

ఎదురుగా నిలబడ్డ పెళ్లికొడుకు తండ్రి లక్ష్మీరాజం వంగి చూశాడు. పసుపు కింద, కుంకుమ కింద, నిమ్మకాయంత బొప్పి.

"గిదేంది బిడ్డా?"

"నిన్న కరీంనగర్ల కబడ్డీ ఫైనల్ మామా. కూతకు పోయిన. ఒకామె నెత్తి, నా నెత్తి టక్కున తాకినయ్." అక్కడితో ఆపితే సరిపోయేది. ఆపలేదు. "అయినా గీత ముట్టిన. మేమే గెలిచినం!"

మేళం ఆగిపోయింది. నర్మద తల్లి శంకరవ్వ చేతిలోని పళ్లెం కింద పెట్టి కూతుర్ని కొరకొర చూసింది.

"గెలుసుడు కాదు బిడ్డా, నెత్తిల దెబ్బ కండ్లకు దిగుతది," అన్నాడు లక్ష్మీరాజం. "మా వాడకట్టుల ఒకనికి గిట్లనే తాకితే, నెలరోజులు ఒక్క మగ్గం రెండు మగ్గాలై కనవడ్డది. పెండ్లయినంక సుత ఆడుకో అని మావోడు నీకు మాటిచ్చిండట. నేనియ్యలే. కండ్లు సక్కగున్నయని తేలితే ఆడుకో. లేకుంటే కబడ్డీ ఇయ్యాల్టితోటి బంద్. సమజైందా?"

నర్మద పక్కకు చూసింది. పెళ్లికొడుకు దశరథం తల వంచుకుని తన బాసింగం సర్దుకుంటున్నాడు. తండ్రి ముందు అతనికి నోరు లేవదు.

లక్ష్మీరాజం అరచెయ్యి చాపి ఆమె మొహం ముందు పెట్టాడు. "ఎన్ని వేళ్లున్నయ్?"

"నాలుగున్నర."

పందిరంతా ఉలిక్కిపడింది. "అయ్యో, పిల్ల కండ్లు పాయె!" అని ఓ ముసలమ్మ శోకం ఎత్తుకుంది. లక్ష్మీరాజం తన చెయ్యి తాను చూసుకున్నాడు. చూపుడువేలు సగం ఏనాడో సిరిసిల్లలో మరమగ్గం మింగేసింది. చెయ్యి మెల్లగా దించి కండువాలో దాచుకున్నాడు.

"లెక్క కరెక్టే," అన్నాడు.

పెళ్లికొడుకు మేనత్త సూదీ దారం పట్టుకొచ్చింది. నర్మద ఒక్క పట్టున ఎక్కించి ఇచ్చింది.

"నేతోళ్ల పిల్ల కండ్లు మూసుకోని సుత ఎక్కిస్తది. గదేం పరీక్ష?" అన్నాడు మగపెళ్లివారిలో ఒకాయన.

చివరికి అప్పుడే విస్తరి ముందు కూర్చున్న కంపౌండర్ హనుమంతును లేపుకొచ్చారు. హనుమంతు నవ్వగా చూసినవాళ్లు హుజూరాబాద్‌లో లేరు. జేబులోంచి పెన్ను తీసి కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు, ముక్కు దాకా తెచ్చాడు. కళ్లలోకి టార్చి వేశాడు.

"వాంతులైనయా?"

"లే సారు."

"తల తిరుగుతుందా?"

"మీరు గా పెన్ను తిప్పుతుంటే జర తిరిగింది."

హనుమంతు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "కండ్లు బరాబరున్నయ్. కాని, కండ్లు బరాబరుంటే నెత్తి బరాబరున్నట్టు కాదు. కొన్ని దెబ్బలు ఆలిస్యంగ బయటపడ్తయ్. పొద్దూకేదాక జర కనిపెట్టుకోని ఉండుండ్రి. ఉన్నది కనవడకున్నా, లేనిది కనవడ్డా, జీపెక్కిచ్చి పెద్ద దవఖానకు తోలుండ్రి." అనేసి విస్తరి దగ్గరికి వెళ్లిపోయాడు.

"విన్నవు గద బిడ్డా," అన్నాడు లక్ష్మీరాజం. "జీపెక్కితివా, ఆట బంద్."

బాసింగం వదులుగా కట్టారు. మేళం మళ్లీ అందుకుంది. పుస్తె పడింది. తలంబ్రాల దగ్గర నర్మద దోసిలి నిండా తీసి ఒక్క గింజ కింద పడకుండా దశరథం నెత్తి మీద కుమ్మరించింది. ఆడవాళ్లు "సూపు మంచిగనే ఉన్నదే!" అని పకపకా నవ్వారు. దశరథం కూడా నవ్వాడు. నర్మదకు పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది.

అప్పుడు అయ్యగారు ఇద్దరినీ పందిరి బయటికి నడిపించాడు. నడినెత్తిన ఎండ. ఆయన ఉత్తరం వైపు వేలు చూపించాడు.

"అగో, అరుంధతి నక్షత్రం. కనవడ్డదా నాయనా?"

దశరథం కళ్లు చికిలించి, "కనవడ్డదండి," అన్నాడు.

"నీకమ్మా?"

నర్మద తలెత్తింది. ఆకాశంలో ఎండ ఉంది. ఒక గద్ద ఉంది. ఇంకేమీ లేదు. కనబడింది అంటే లేనిది కనబడినట్టు. కనబడలేదు అంటే ఉన్నది కనబడనట్టు. ఎటు తిరిగినా జీపే. ఏ ఆటలోనూ ఆమెను ఇట్లా రెండు వైపులా పట్టినవాళ్లు లేరు. అబద్ధమాడి ఓడేకన్నా ఉన్నమాట చెప్పి ఓడదామనుకుంది.

"కనవడ్తలేదు అయ్యగారూ."

అయ్యగారి వేలు గాలిలోనే నిలిచిపోయింది. "ఇన్ని పెండ్లిళ్లు చేసిన, ఒక్క పిల్ల సుత గిట్లనలే!"

లక్ష్మీరాజం నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అగో! ముసలోన్ని, నాకే సాఫ్ కనవడ్తుంది!"

"తళతళ మెరుస్తుంటే కనవడ్తలేదంటదేంది?" అంది మేనత్త.

శంకరవ్వ పరువు పోతుందని పరుగున వచ్చింది. "నాకు సుత కనవడ్తుందన్నా! మా పిల్లే సక్కగ సూస్తలేదు!"

సన్నాయి ఆయనకు కనబడింది. గరిటె పట్టుకుని వచ్చిన వంటాయనకైతే పక్కన ఇంకో చుక్క కూడా కనబడింది. పందిరి కింద ఉన్నవాళ్లంతా బయటికి వచ్చి వేళ్లు పైకెత్తారు.

"అయిపాయె. జీపు తియ్యుండ్రి," అన్నాడు లక్ష్మీరాజం. నర్మద కళ్లలో నీళ్లు తిరిగాయి.

కంపౌండర్ హనుమంతు చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చాడు. ఆకాశాన్ని చూశాడు. లేచిన వేళ్లన్నింటినీ చూశాడు. నవ్వలేదు.

"పెండ్లిపిల్ల నెత్తి బరాబరున్నది, బొప్పి తగ్గినంక ఆడుకోనియ్యుండ్రి," అన్నాడు. "మీ అందరికి జీపు సాలది, లారీ మాట్లాడుండ్రి."