కొన మెత్తన, వెన్ను గట్టి

తలుపు మీద గంట మోగేసరికి విల్డా ఉలిక్కిపడింది. గబగబా వచ్చి కౌంటరు వెనక నిలబడింది.

వచ్చినవాడు గుమ్మానికి సరిగ్గా పట్టేంత మనిషి. టోపీ అంచు నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి. చెవి కింద మొదలై కాలరు లోపలికి పాకిన, కత్తిగాటులాంటి పాత మచ్చ. గాలికి తలుపు టపటపా కొట్టుకుంటుంటే అతను వెనక్కి తిరిగి గడియ పెట్టాడు.

ఆ చప్పుడుకి విల్డా ఒక అడుగు వెనక్కి వేసింది.

కిటికీలోంచి చూసింది. రేవులో ఒక్క పడవ లేదు. సరస్సు మీద తెర దించినట్టు వాన. తన కారుకి అడ్డంగా అతని ట్రక్కు. పారిపోదామన్నా దారి లేదు.

"ఒక్కదానివేనా అమ్మాయ్?" అన్నాడతను.

"లేదండీ. పెద్దాయన వెనక గదిలో ఉన్నారు."

"అయితే పిలువు. గాలపు కర్ర కొనాలి. తెలిసినవాళ్ళు చూపిస్తే మంచిది."

"ఇప్పుడు రాలేరండీ. ఆయన చేతులు ఖాళీ లేవు."

అతను వెనక గది తలుపు కేసి చూశాడు. అటునుంచి చిన్న చప్పుడైనా లేదు. ఎరచేపల తొట్టిలో నీళ్ళు బుడబుడలాడుతున్నాయి, అంతే.

"అలాగా" అని నవ్వాడు.

అతని చూపు కప్పు మూలకి పోయింది. "ఆ కెమెరా పనిచేస్తుందా?"

"చేస్తుందండీ."

"వైరు తెగి వేలాడుతోంది కదమ్మా!"

కౌంటరు కింద అరలో పిస్తోలుంది. విల్డా మెల్లగా దాని మీద చెయ్యి వేసింది. ఇంతవరకు ఎవరి మీదా పేల్చి ఎరగదు. పేల్చగలదో లేదో కూడా తెలియదు.

"మా అమ్మాయి కోరాకి" అన్నాడతను, గోడవార నిలబెట్టిన కర్రల దగ్గరికి నడుస్తూ. "బడిలో బాస్ చేపలు పట్టే జట్టులో చేరింది. శనివారమే మొదటి పోటీ. నేను జన్మంతా జెల్లలు పట్టినవాణ్ణి. నా గాలం దారం పలుపుతాడంత ఉంటుంది. ఈ నాజూకు పుల్లలు నాకేం తెలుస్తాయి?"

తొందరగా పంపించెయ్యాలని విల్డా చేతికందిన కర్ర తీసి ఇచ్చింది. "ఇది బాగుంటుందండీ."

"ఎందుకు బాగుంటుంది?"

"అంటే... అందరూ ఇదే కొంటారు."

అతను కర్ర వెనక్కి పెట్టేశాడు. "అందరికీ కాదమ్మా, మా పిల్లకి. నాకేం తొందర లేదు."

తను సరిగ్గా చూపించేదాకా ఈ మనిషి కదలడు. పిస్తోలు వదిలి కౌంటరు దాటి వచ్చింది.

"ఎక్కడ పడుతుందండీ? నాచులోనా, తేట నీళ్ళలోనా?"

"తేట నీళ్ళే. ఆనకట్ట పక్క రాళ్ళ దగ్గర."

"ఎర?"

"చిటికెన వేలంత రబ్బరు పురుగు. చూస్తే నాకే జాలేస్తుంది."

"అయితే సన్న దారం వాడాలి. మీరు చూసేవి మరీ బిరుసు. చేప గుంజితే దారం పుటుక్కుమంటుంది. మరీ మెత్తనిది తీసుకుంటే చేప నోట్లో ముల్లు దిగదు." వరసలో వెతికి ఒకటి తీసింది. ఏడడుగులకి ఓ మూర తక్కువ. "దీనికి కొన మెత్తన, వెన్ను గట్టి. కొన నేలకి ఆనించి కళ్ళు మూసుకోండి."

అతను బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు.

"మెల్లగా నేలకేసి రుద్దండి. నేల చెక్క మీద గీతలు అరచేతికి తెలుస్తున్నాయా? చేప ఎర నోట్లోకి తీసుకున్నా అలాగే తెలుస్తుంది."

"అమ్మ బాబోయ్!" అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఎక్కడ నేర్చుకున్నావు ఇదంతా?"

"మా నాన్న నేర్పాడు. ప్రతి వసంతకాలం ఇలాంటి కొట్టుకి తీసుకొచ్చి, కర్రలన్నీ నా చేతికిచ్చి..." అంది విల్డా. నవ్వు కూడా వచ్చింది. ఆ కాసేపూ భయం మాటే మరిచిపోయింది.

అంతలో అతను జేబులోంచి మడతకత్తి తీసి టక్కున విప్పాడు.

విల్డా అరవలేకపోయింది. వీపు గోడకి తగిలేదాకా వెనక్కి జరిగింది.

అతను కర్రకి వేలాడుతున్న ధర చీటీ కోసి, కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఏమ్మా, అలా పాలిపోయావేం?"

"ఏం లేదండీ."

"బాత్రూము వెనకేనా?" అంటూ అటు అడుగు వేశాడు.

"వద్దు!" విల్డా తలుపుకి అడ్డం పడింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పాడైపోయింది. అటు వెళ్ళకండి. దయచేసి."

అతను ఆగిపోయాడు. ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. కాసేపటికి టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"నన్ను చూసి హడలిపోయావు కదూ? ఈ మెడ చూసి పిల్లలు కూడా ఏడుస్తారులే. రంపపు మిల్లులో తెగింది, కొట్లాటలో కాదు."

నోట్లు కౌంటరు మీద పెట్టాడు. విల్డా గల్లాపెట్టె కేసి చూసి ఊరుకుంది.

"చిల్లర ఉంచుకో. మంచి కర్ర ఇచ్చావు. నాకూ నీ ఈడు చెల్లెలుంది. ఇలా ఒంటరిగా కొట్లో కూర్చుంటుందంటే నాకు నిద్ర పట్టదు. వెళ్ళగానే గడియ పెట్టుకో తల్లీ. రోజులు బాగాలేవు."

ట్రక్కు చప్పుడు వానలో కలిసిపోయేదాకా విల్డా కదలలేదు. తర్వాత గడియ పెట్టి, తలుపుకి చేరగిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని వెనక గదిలోకి వెళ్ళి, కుర్చీకి కట్టేసి ఉన్న కొట్టు యజమాని నోట్లోంచి గుడ్డ లాగి, "ఇనప్పెట్టె తాళం ఎక్కడుందో ఇప్పుడైనా చెప్పు తాతా, నాకు చాలా భయంగా ఉంది" అంది.