గుడ్లదిబ్బ మీద సర్వే

“ఆ పక్క దిగబాకండి సార్! గుడ్లుండాయి. నా వెనకాలే రండి!”

వెంకటశేషమ్మ అరిచిన అరుపుకు అటవీ శాఖ ఆఫీసరు జయరామయ్య ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశాడు. చేపలమ్మి నలుగురు పిల్లల్ని పెంచిన ఆడమనిషి. ఆమె నోటికి ఊరి పెద్దలే జడుస్తారు, ఆఫీసరెంత!

పడవలోంచి వినోద్ నవ్వాడు. ఓడరేవు కట్టబోయే కంపెనీ తరఫున వచ్చిన మనిషి అతను.

సముద్రపు నీళ్ళు సరస్సులోకి వచ్చే మొగ దగ్గర ఉంది గుడ్లదిబ్బ. పక్షులు గుడ్లు పెట్టే ఆ ఇసుక దిబ్బ ఉన్నంత కాలం చుట్టూ నీళ్ళన్నీ రక్షిత ప్రాంతం. తవ్వడానికి వీల్లేదు. దిబ్బ లేదని తేలితే హద్దు చెరిగిపోతుంది. నేల తవ్వే పెద్ద పెద్ద ఓడలొస్తాయి. రొయ్యలు, పీతలు, మడవ చేపలు, వాటి మీద బతికే ఊరు, అన్నీ మట్టిగొట్టుకుపోతాయి. అది తేల్చడానికే ఈ సర్వే.

వినోద్ ఫోను చూపించాడు. “ఉపగ్రహం తీసిన ఫొటో సార్. ఇక్కడ ఒట్టి నీళ్ళే.”

“సముద్రం పోటు మీదున్నప్పుడు తీసుంటారు నాయనా! తుఫానప్పుడు తీసుంటే మా ఇళ్ళు గూడా కనపడవు. అంటే మేం లేనట్టా?” అంది వెంకటశేషమ్మ.

జయరామయ్య నవ్వు ఆపుకుంటూ జీపీఎస్ చూసుకున్నాడు. మ్యాపులో ఉన్న చోటే ఉన్నాడు. కాళ్ళ కింద ఇసుక, ఆలిచిప్పలు. తెల్ల పిట్టలు గుంపుగా లేచి నెత్తి మీద గోల చేస్తున్నాయి. అక్కడక్కడా ఇసుక రంగులోనే గుడ్లు.

“ఈ దిబ్బ చుట్టూ హద్దు వేటకు అడ్డమని మా ఆఫీసు ముందు బైఠాయించింది నువ్వే కదమ్మా? నన్ను నోటికొచ్చినట్టు తిట్టావు కూడా!”

“తిట్టినా. రేపు మళ్ళీ అడ్డమొస్తే మళ్ళీ తిడతా. అది మీకూ మాకూ ఉండే రగడ. నడాన ఈయనెవురు?”

వినోద్‌కు ఒళ్ళు మండింది. “చేపలున్న నీళ్ళే అయితే నెల్లాళ్ళుగా మీ ఊళ్ళో ఒక్క వలా తడవలేదేం?”

“దురాయి పెట్టుకున్నాం. ఊరి పెద్దలు దురాయి పెడితే ఎవురూ వేటకు పోకూడదు. అది మా కట్టుబాటు. ఎందుకు పెట్టుకున్నామో నీకు చెప్పాలని రూలుండాదా?”

వినోద్ పడవలోంచి గడ్డపార తీసుకుని దిబ్బ మీదికి దిగాడు. “కింద ఏముందో తవ్వి చూద్దాం సార్.”

వెంకటశేషమ్మ ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. వెళ్ళి సరిగ్గా అతని ముందే ఇసుకలో చతికిలబడింది.

“దించు. నా మీదే దించు! సార్, గుడ్లు పెట్టే చోట గడ్డపార వేస్తే కేసు ఎవురి మీద పెడతారు? నా మీదా, ఈయన మీదా?”

జయరామయ్య వినోద్ వైపు తిరిగాడు. “మీ మీదేనండీ. లోపల పెట్టండి దాన్ని.”

గడ్డపార పడవలోకి వెళ్ళింది. ఆఫీసరు అంచు వెంట నెమ్మదిగా నడిచి కొలతలు తీసుకున్నాడు. ఆ కాసేపూ ఆమె అతని వెనకే నడిచింది.

“దిబ్బ ఉంది. హద్దూ ఉంటుంది. అదే రాస్తున్నాను,” అన్నాడు చివరికి.

ఒడ్డుకు తిరిగొచ్చేసరికి ఊరంతా అక్కడే నిలబడి ఉంది. ఆఫీసరూ వినోదూ ఎక్కిన జీపు సరుగుడు తోపు దాటి కనుమరుగయ్యేదాకా ఆగి, అప్పుడు ఎలుగెత్తి అరిచింది వెంకటశేషమ్మ.

“ఉండాదని రాసినారు!”

ఒక్కసారిగా ఈలలు, కేకలు. ముసలి మస్తానయ్య తలగుడ్డ విప్పి గాల్లోకి విసిరాడు. వెంకటశేషమ్మ మాత్రం రేవులోనే కూలబడి భోరున ఏడ్చింది.

పోయిన తుఫానుకు గుడ్లదిబ్బ ఆనవాలు లేకుండా కొట్టుకుపోతే, నెల్లాళ్ళు వేట మానుకుని ఆడా మగా అంతా కలిసి పడవలకెత్తి తెచ్చి, తట్టలతో పోసిన ఇసుక మీదే నిలబడి ఆఫీసరు కొలతలు తీసుకున్నాడు.