పెద్ద గ్రిజెల్ పెళ్ళి

ఆ కబుర్లు కట్టిపెట్టి పొయ్యి దగ్గరికి జరగండి. తలుపు దగ్గర గుసగుసలాడుతున్న మీ ఇద్దరూ కూడా. డన్‌హారిక్ కోట చెయ్యి జారిపోబోయిన రోజు సంగతి ఇది, మధ్యలో దగ్గితే తప్పిపోతుంది.

ఆ వేళకి కోట వంటింట్లో ముంగో ప్రింగిల్ జుట్టు పీక్కుంటున్నాడు. కోర్టు తరఫున పెద్దింటివాళ్ళ వంశాలు తేల్చడం ఆయన ఉద్యోగం. ఆ విసుగు మొహం చూసి ఏ పిల్లా ఆయన్ని చేసుకోలేదు. ఎడిన్‌బరో నుంచి వానలో తడుస్తూ వచ్చి, కోటను ఏలుతున్న గ్రిజెల్ దొరసాని వంశం విప్పితే దానికి అంతే లేదు. ఆదాము ఎక్కడో మధ్యలో తగిలాడు. పెద్దకూతురికి అమ్మమ్మ పేరు పెట్టడం మా వైపు ఆనవాయితీ. గ్రిజెల్ కూతురు మార్జరీ, మార్జరీ కూతురు మళ్ళీ గ్రిజెల్. ఒక గ్రిజెల్‌ని సమాధి చేసేలోగా ఇంకో గ్రిజెల్ పుట్టుకొచ్చేది.

చిక్కంతా దొరసాని అమ్మమ్మ పెద్ద గ్రిజెల్ దగ్గర వచ్చింది. మెడలోతు మంచు పడి చర్చికి దారిలేక, ఆవిడ పెళ్ళి ఈ వంటింట్లోనే కానిచ్చారు. అసలది పెళ్ళే కాదు, కోట నాదేనంటూ దొరసాని తాతగారి తమ్ముడి మనవడు ఆర్చిబాల్డ్ దావా వేశాడు. ప్రింగిల్ పెళ్ళే అంటే కోట దొరసానిది. కాదంటే ఆవిడ మూట కట్టుకోవాలి.

ఆ పెళ్ళి కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరే మిగిలారు. వంటమనిషి ఎల్స్‌పెత్, పశువుల కాపరి డూగల్. అప్పుడు పిల్లలు, ఇప్పుడు ఇద్దరికీ కలిపి నాలుగు పళ్ళు. అప్పటి దొరగారు, అంటే ఆ తాతగారు, పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని ఏమన్నారని ప్రింగిల్ అడిగితే, నిన్ను చేసుకుంటానన్నారని డూగల్ చెప్పాడు. చేసుకుంటానంటే వట్టి మాటే, పెళ్ళి కాదన్నాడు ప్రింగిల్. దొరసాని మొహం పాలిపోయింది.

"నీకు ఆ రోజు గంజి మీద తప్ప ధ్యాస ఎక్కడుందిరా? నా భార్య అనే అన్నారు," అంది ఎల్స్‌పెత్.

"గంజిలో ఉప్పు లేదు. అదీ గుర్తుంది నాకు," అన్నాడు డూగల్.

కుండలో చారు ఇగిరిపోయేదాకా వాదించుకున్నారు. దొరసానికి ఓపిక ముందే తక్కువ. వచ్చిన పెళ్ళికొడుకులందర్నీ వాకిట్లోంచే పంపేసి నలభై ఏళ్ళొచ్చినా ఒంటరిగా ఉన్న మనిషి. విసురుగా లేచి ప్రింగిల్ చెయ్యి పట్టుకుంది.

"మీరిద్దరూ నోళ్ళు మూసుకుని ఇటు చూడండి. అమ్మమ్మ ఇలా నిలబడి, ఈయన నా భర్త అని ఉంటుంది. ఊఁ, ప్రింగిల్ గారూ, మీరూ అనండి."

ఎలాగోలా తెమిలితే చాలనుకున్నాడు ప్రింగిల్. "ఈమె నా భార్య."

"అదే, అచ్చం ఇలాగే," అన్నారు ముసలివాళ్ళిద్దరూ ఒక్కసారే. డూగల్ కళ్ళు చెమర్చాయి కూడా.

హమ్మయ్య అనుకుని ప్రింగిల్ తీర్పు చెప్పేశాడు. పెళ్ళికాని ఆడా మగా, ఇద్దరు సాక్షుల ఎదుట ఒకరి గురించి ఒకరు ఈ మాట అంటే మన చట్టంలో అదే పెళ్ళి. పాదిరీ అక్కర్లేదు, ఉంగరం అక్కర్లేదు, ఏ కోర్టూ దాన్ని విడదీయలేదు. కోట దొరసానిదే. ఆవిడ కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది.

డూగల్ కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత టోపీ తీసి ప్రింగిల్ ముందు వంగాడు.

"కొత్త దొరగారూ, ఆవుల్ని ఇక దొడ్లోకి తోలమంటారా?"